రేడియో వాల్వు పితామహుడు సర్ జాన్ ఆంబ్రోజ్ ఫ్లెమింగు

పాతకాలపు రేడియోను వెనుకనుండి విప్పి చూచినచో, లోపల నాలుగైదు గాజుబుడ్లు నిలిచి కనబడును. మీట త్రిప్పినంతనే ఆ రేడియో పలుకదు. ముందు ఆ బుడ్లలో వత్తి వెలిగినట్లు ఎర్రని కాంతి పుట్టవలెను. అవి కొంత వేడెక్కవలెను. ఆ తరువాతనే పాటయైనను వార్తయైనను చెవికి చేరును. ఈ బుడ్లనే వాల్వులందురు. 1935లో హైదరాబాదున నిజాము రాజ్యపు రేడియో కేంద్రము ప్రసారములు మొదలిడిన నాడును, 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము ఆలిండియా రేడియోలో చేరిన నాడును, కామారెడ్డి, సదాశివనగర్ ప్రాంతములలో ఎవరి యింట రేడియో మ్రోగినను అది వాల్వు రేడియోయే. తరువాత ట్రాన్సిస్టరు వచ్చెను. వాల్వు రేడియోలు అటకలకెక్కెను.

నేడు అట్టి రేడియోలను వెదకి తెచ్చి, బాగుచేసి, మరల పలికించు ఔత్సాహికులు మన దేశమునను విదేశములందును పెక్కురు కలరు. వారి పనిబల్లపై ఒక పరికరము ముఖ్యమైనది. దాని పేరు వాల్వు టెస్టరు. పాత వాల్వును అందులో గ్రుచ్చి మీట నొక్కినచో, ముల్లు కదలి ఆ వాల్వునకు ఇంకను ప్రాణమున్నదో లేదో తెలుపును. ఆ పరికరము చేయు కొలతకు పునాది వేసినవాడును, వాల్వును కనిపెట్టినవాడును ఒక్కడే. ఆతని జీవితము ఓర్పుతో కొలుచుట ఎట్టిదో నేర్పును.

జాన్ ఆంబ్రోజ్ ఫ్లెమింగు 1849 నవంబరు 29న ఇంగ్లండులోని లాంకాస్టరు పట్టణమున జన్మించెను. తండ్రి జేమ్సు ఫ్లెమింగు క్రైస్తవ మతాచార్యుడు. బాలుని శైశవముననే కుటుంబము లండను నగరమునకు తరలెను. పదకొండేండ్ల ప్రాయమున ఆ బాలుడు ఇంటిలో ఒక చిన్న పనిగది ఏర్పరచుకొని, పడవల నమూనాలను, యంత్రముల నమూనాలను స్వహస్తములతో చేయుచుండెను. ఇంజనీరు కావలెనని ఆతని కోరిక. కాని ఆ దినములలో ఇంజనీరు వద్ద శిష్యుడుగా చేరవలెనన్నచో పెద్ద రుసుము చెల్లింపవలసియుండెను. ఆ స్తోమతు కుటుంబమునకు లేకుండెను. అందుచే ఆతడు లండను యూనివర్సిటీ కాలేజీలో చదువుచు, నడుమ షేరు వ్యాపారుల కచేరిలో గుమాస్తాగా పనిచేసి, రాత్రివేళల చదువు సాగించి, 1870లో బి.యస్సి. పట్టమును పొందెను.

1874లో లండనున భౌతికశాస్త్ర పరిషత్తు వెలసినపుడు, దానిలో చదువబడిన మొట్టమొదటి వ్యాసము ఈ యువకునిదే. పిమ్మట మూడేండ్లు చెల్టెన్‌హామ్‌లో ఉపాధ్యాయుడుగా పనిచేసి, నాలుగు వందల పౌండ్లు కూడబెట్టి, 1877లో, ఇరువదియేడవ యేట, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా చేరెను. ఆతనిని అచ్చటికి రప్పించినది జేమ్సు క్లర్కు మాక్సువెల్లు కీర్తి. విద్యుదయస్కాంత తరంగములు కలవని గణితముచే నిరూపించిన మహామేధావి మాక్సువెల్లు. ఆతని ఉపన్యాసములు మిక్కిలి కఠినములగుటచే, ఒక్కొక్క దినమున వినువారు ఒక్కరిద్దరికి మించకుండిరి. వారిలో ఫ్లెమింగు ఒకడు.

కేంబ్రిడ్జిలో ఆతనికి అప్పగింపబడిన పని పైకి చూచుటకు చిన్నది. విద్యుత్తునకు తీగ కలిగించు నిరోధమును కొలుచుటకు ప్రమాణములుగా ఉంచిన తీగచుట్టలను ఒకదానితో నొకటి పోల్చి, వానిలోని సూక్ష్మభేదములను లెక్క కట్టవలెను. ఇందుకొరకు ఆతడొక కొలత పరికరమును నిర్మించెను. అది బాంజో అను తంత్రీవాద్యమును పోలియుండుటచే దానికి ఫ్లెమింగు బాంజో అని పేరు వచ్చెను. నెలల తరబడి ఆ పరికరముముందు కూర్చుండి కొలిచిన ఆ అభ్యాసమే తరువాతి జీవితమంతటికి ఆతనికి మూలధనమయ్యెను.

1879లో మాక్సువెల్లు మరణించెను. కొంతకాలము కేంబ్రిడ్జిలోను, నాటింగ్‌హామ్‌లోను అధ్యాపకుడుగా పనిచేసి, 1882లో ఫ్లెమింగు లండనులోని ఎడిసన్ విద్యుద్దీప కంపెనీకి సాంకేతిక సలహాదారుగా కుదిరెను. అప్పటికి విద్యుద్దీపము క్రొత్త వస్తువు. దీపములు కొలదికాలము వెలిగిన పిమ్మట వాని గాజు లోపలివైపున నల్లని మసి పట్టుచుండెను, వెలుగు తగ్గుచుండెను. ఇది వ్యాపారమునకు నష్టము. వ్యాపారులు దానిని దోషముగా చూచిరి. ఫ్లెమింగు దానిని ప్రశ్నగా చూచెను.

ఆతడు నల్లబారిన దీపములను ఒక్కొక్కటిగా పరిశీలించెను. కొన్నిటిలో మసి మధ్యన ఒక సన్నని తెల్లని గీత కనబడెను. అది లోపలి తంతువు యొక్క నీడ. గుర్రపునాడా వంపుతోనున్న ఆ తంతువులో ఒక కాలినుండి కణములు సూటిగా ఎగిరి గాజునకు తగులుచుండగా, రెండవ కాలు వానిని అడ్డుచుండెను. అడ్డిన చోట గాజు నిర్మలముగా మిగిలెను. 1883లో ఈ విషయమును ఫ్లెమింగు భౌతికశాస్త్ర పరిషత్తునకు నివేదించెను. అదే సంవత్సరమున అమెరికాలో ఎడిసన్ దీపములోనికి వేరొక లోహపు రేకును దూర్చి, వేడి తంతువునుండి ఆ రేకునకు శూన్యముగుండ విద్యుత్తు ప్రవహించుట గమనించెను. దీనికి ఎడిసన్ ప్రభావమని పేరు వచ్చెను. ఎడిసన్ దానికి హక్కుపత్రము పొంది అంతటితో విడిచెను. ఫ్లెమింగు విడువలేదు. ప్రత్యేకముగా రేకులు అమర్చిన దీపములను చేయించి, ఏ దిశగా ప్రవాహము సాగునో, ఏ దిశగా సాగదో, ఎంత సాగునో కొలిచి, 1890లోను 1896లోను మరల వ్యాసములు వెలువరించెను. దానివలన ఏ ప్రయోజనమున్నదో అప్పటికి ఎవరికిని తెలియదు. కొలతల పట్టికలు పుస్తకములందును, ఆ దీపములు ప్రయోగశాల బీరువాలోను నిలిచిపోయెను.

ఇంతలో 1885లో యూనివర్సిటీ కాలేజీవారు ఆతనిని విద్యుత్ ఇంజనీరింగు ఆచార్యునిగా నియమించిరి. ఇంగ్లండున అట్టి ఆచార్యపదవి అదే మొదటిది. పదవియైతే గొప్పది కాని, ఆరంభమున ఆతనికి కళాశాల యిచ్చిన సామగ్రి ఇంచుమించు ఒక నల్లబల్ల మాత్రమే. ప్రయోగశాలను ఆతడే క్రమక్రమముగా కూర్చుకొనెను. అయస్కాంత క్షేత్రము, విద్యుత్ప్రవాహము, చలనము ఈ మూడింటి దిశలను విద్యార్థులు తారుమారు చేయుచుండుట చూచి, చేతి బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని, నడిమివ్రేలిని ఒకదానికొకటి లంబముగా నిలుపు ఉపాయమును కల్పించెను. మన ఉన్నత పాఠశాలలలో నేటికిని బోధింపబడుచున్న ఫ్లెమింగు ఎడమచేతి నియమము, కుడిచేతి నియమము ఇవియే. విద్యుత్ కొలత పరికరములన్నిటిని సరిచూచుటకు దేశమునకొక ప్రమాణశాల కావలెనని 1885లోనే ఆతడు వాదించెను. 1900లో ఇంగ్లండున స్థాపింపబడిన జాతీయ భౌతిక ప్రయోగశాలకు త్రోవచూపిన వారిలో ఆతడు గణింపదగినవాడు.

1899లో మార్కోని కంపెనీవారు ఫ్లెమింగును సలహాదారుగా చేర్చుకొనిరి. అట్లాంటిక్ మహాసముద్రమును దాటి తంతిలేని వార్త పంపవలెనని మార్కోని సంకల్పము. దానికి కావలసిన మహాశక్తిగల ప్రసార యంత్రమును కార్న్‌వాల్ తీరమున పోల్దూ అనుచోట రూపొందించినవాడు ఫ్లెమింగు. 1901 డిసెంబరు 12న ఆవలి తీరమున న్యూఫౌండ్‌లాండులో మార్కోని ఆ సంకేతమును వినినట్లు ప్రకటించెను. లోకము మార్కోనిని కీర్తించెను. యంత్రమును నిర్మించినవానికి తగినంత పేరు రాలేదు.

1903 జూన్ నెలలో ఇంకొక అవమానము సంభవించెను. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఫ్లెమింగు తంతిలేని వార్తల విధానమును ప్రదర్శించుచుండగా, మార్కోనికి ప్రతిపక్షియగు మాస్కెలీన్ అను ఇంద్రజాలికుడు సమీపమునుండి తన ప్రసారమును పంపి, ప్రదర్శన యంత్రముపై ఎగతాళి మాటలు పడునట్లు చేసెను. వినికిడి మందగించుచున్న ఫ్లెమింగు ఉపన్యాసము కొనసాగించెను. తరువాత విషయము తెలిసి పత్రికలో నిరసన ప్రకటించెను. మాస్కెలీన్ తానే చేసితినని ఒప్పుకొనెను. పరుల సంకేతము తమ యంత్రమున దూరజాలదన్న మాట బహిరంగముగా వీగిపోయెను. ఆ సంవత్సరాంతమున కంపెనీతో ఫ్లెమింగు ఒప్పందము ముగిసెను. ఏబదినాలుగేండ్ల వయస్సున, చెవుడు ముదురుచుండగా, ఆతడు తన ప్రయోగశాలకు మరలెను.

ఆ కాలమున రేడియో తరంగములను పట్టుటకు వాడుచుండిన పరికరములు నమ్మదగినవి కాకుండెను. వానిలో కొన్ని లోహపుపొడి నింపిన గొట్టములు, మాటిమాటికి తట్టవలసియుండెను. మరికొన్నిటి సంకేతమును టెలిఫోను చెవికానించి వినవలసియుండెను. వినికిడి తగ్గినవానికి ఇది కష్టము. కొలుచువానికి ఇది చాలదు. సంకేతమెంత బలమైనదో ముల్లు కదలికవలన కంటితో చూచి అంకెలలో వ్రాయదగిన సాధనము కావలెనని ఫ్లెమింగు కోరిక. కాని రేడియో తరంగమువలన తీగలో పుట్టు విద్యుత్తు క్షణమునకు లక్షలమారులు ముందునకు వెనుకకు ఊగును. కొలత ముల్లు ఎటును కదలక నిలిచిపోవును. ఆ ఊగులో ఒక దిశను అడ్డి, రెండవ దిశను మాత్రము పోనిచ్చు ద్వారము కావలెను.

1904 అక్టోబరులో ఒకనాడు ఆతనికి బీరువాలోని పాత దీపములు జ్ఞప్తికి వచ్చెను. వేడి తంతువునుండి రేకునకు ప్రవాహము సాగును. రేకునుండి తంతువునకు సాగదు. తాను వెదకుచున్న ద్వారము ఇదియే. ఆ దీపములను బయటికి తీయించి, సహాయకునితో కలసి అమర్చి చూడగా ముల్లు కదలెను. 1883లో దోషముగా కనబడిన దానికి ఇరువదియొక్క సంవత్సరముల తరువాత ప్రయోజనము దొరకెను. నవంబరు 16న హక్కుపత్రమునకు దరఖాస్తు చేసెను. దాని సంఖ్య 24850. నీటిని ఒకే వైపునకు పోనిచ్చు కవాటమును పోలినది కనుక దానికి వాల్వు అని పేరిడెను. రెండు భాగములే కలిగిన ఆ వాల్వును నేడు డయోడు అందురు. ఫ్లెమింగు ఈ వార్తను మార్కోనికి తెలిపెను. 1905లో కంపెనీవారు ఆతనిని మరల చేర్చుకొనిరి. వాల్వుపై హక్కు మాత్రము కంపెనీకి చెందెను.

నేటి వాల్వు టెస్టరులలో సామాన్యమైనది ఎమిషన్ టెస్టరు. అందులో వాల్వును గ్రుచ్చినపుడు, దానిలో ఎన్ని గ్రిడ్లున్నను అన్నిటిని ప్లేటుతో కలిపివేయుదురు. అనగా ఎంత చిక్కుగల వాల్వైనను ఆ క్షణమున రెండే భాగముల వాల్వగును. వేడిభాగమునుండి ప్లేటునకు ఎంత విద్యుత్తు ప్రవహించునో ముల్లు చూపును. వేడి తంతువు వెదజల్లునవి ఎలక్ట్రానులు, 1897లో జె. జె. థామ్సన్ వానిని గుర్తించెను. ఏండ్ల వాడుకచే ఆ వెదజల్లు శక్తి క్షీణించును. ముల్లు ఎర్రగడిలో నిలుచును. వాల్వును డయోడుగా మార్చి, వేడిమివలన పుట్టిన ప్రవాహమును ముల్లుతో కొలుచుట, ఇది ఫ్లెమింగు బల్లపై 1904లో జరిగిన ప్రయోగమే. ఔత్సాహికుడు మీట నొక్కినపుడెల్ల ఆ ప్రయోగమును మరల చేయుచున్నాడు.

అయితే ఆ టెస్టరునకొక లోపము కలదు. ఫ్లెమింగు చరిత్రలోను అదే లోపము కలదు. 1906 నాటికి అమెరికాలో లీ డి ఫారెస్టు అను యువకుడు తంతువునకు, ప్లేటునకు నడుమ వంకరతీగనొకదానిని చేర్చెను. అదియే గ్రిడ్డు. గ్రిడ్డుపై స్వల్పమైన మార్పు కలిగినను ప్లేటునకు పోవు ప్రవాహము మిక్కిలి మారును. అందుచే ఫ్లెమింగు వాల్వు తరంగమును పట్టగలదు కాని పెంచజాలదు. డి ఫారెస్టు వాల్వు పెంచగలదు. దూరదేశపు సన్నని సంకేతము గదినిండ వినబడుట గ్రిడ్డువలననే సాధ్యమయ్యెను. తన వాల్వును దొంగిలించి అందులో ఒక తీగ చేర్చుటకన్న డి ఫారెస్టు చేసినదేమియు లేదని ఫ్లెమింగు తలచెను. ఆ యువకునకు ఈయవలసిన గౌరవమును ఈయుటలో ఆ వృద్ధుడు కడవరకు లోభించెను.

ఎమిషన్ టెస్టరు కూడ గ్రిడ్డును లెక్కింపదు. అందులో బాగున్నదని తేలిన వాల్వు రేడియోలో పెట్టగా సన్నగా పలుకవచ్చును. అందుకే అమెరికాలో హికాక్ కంపెనీవారును, బ్రిటన్‌లో ఆవో వారును వేరొక తరగతి టెస్టరులను నిర్మించిరి. ఇవి గ్రిడ్డుపై వోల్టేజి కొంచెము మార్చి, దానివలన ప్లేటు ప్రవాహము ఎంత మారునో కొలుచును. ఇ.సి.సి. 83 అను వాల్వునకు ఈ మార్పు వోల్టునకు సుమారు 1.6 మిల్లీ ఆంపియర్లు. ధ్వనిని స్పీకరునకు అందించు ఇ.ఎల్. 84 వాల్వునకు సుమారు 11.3. మొదటి తరగతి టెస్టరు ఫ్లెమింగు ప్రశ్నను అడుగును. రెండవది డి ఫారెస్టు ప్రశ్నను అడుగును. వాల్వును ఎరుగగోరువానికి రెండు ప్రశ్నలును కావలెను.

ఈ కలహము న్యాయస్థానములకెక్కెను. డి ఫారెస్టు వాల్వు ఫ్లెమింగు హక్కును అతిక్రమించినదని 1916లో అమెరికా న్యాయస్థానము తీర్పు చెప్పెను. గ్రిడ్డుపై హక్కు మాత్రము డి ఫారెస్టుదే. ఒకరి అనుమతిలేక రెండవవారు మూడు భాగముల వాల్వును చేయరాని విచిత్రస్థితి ఏర్పడెను. 1918లో బ్రిటన్‌లో ఫ్లెమింగు హక్కుపత్రపు గడువు తీరెను. లోకమంతట కోట్లకొలది తయారగుచున్న వస్తువుపై దానిని కనిపెట్టినవానికి ప్రత్యేకముగా ధనమేమియు ముట్టలేదు. తుదకు 1943లో, ఫ్లెమింగు తొంబదిమూడేండ్ల వృద్ధుడై యుండగా, అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఆ దేశమున ఆతనికిచ్చిన హక్కుపత్రము చెల్లదని నిర్ణయించెను.

ఆయినను గౌరవములు రాకపోలేదు. 1926లో ఆచార్యపదవినుండి విరమించెను. 1929లో సర్ బిరుదము లభించెను. 1930 నుండి టెలివిజన్ పరిషత్తునకు అధ్యక్షుడుగా నుండెను. మొదటి భార్య క్లారా 1917లో మరణింపగా, 1933లో ఎనుబదిమూడేండ్ల వయస్సున ఆలివ్ ఫ్రాంక్సు అను గాయకురాలిని వివాహమాడెను. సంతానము లేదు. ప్రయోగశాలలో అంకెలేని మాటను నమ్మని ఈ శాస్త్రజ్ఞుడు జీవపరిణామ సిద్ధాంతమును మాత్రము మతవిశ్వాసముచే తుదివరకు ఎదిరించెను. 1932లో అందుకై వెలసిన సంఘమునకు నాయకుడయ్యెను. మహనీయుల జీవితమున వెలుగుతోపాటు మసియు ఉండును. చరిత్ర రెంటిని చెప్పవలెను. 1874లో మొదటి వ్యాసము చదివిన పరిషత్తునందే 1939లో, అరువదియైదేండ్ల పిమ్మట, ఆయన తన కడపటి వ్యాసమును చదివెను. 1945 ఏప్రిల్ 18న సిడ్‌మత్ అను సముద్రతీర పట్టణమున, తొంబదియైదవ యేట కాలధర్మము నొందెను.

రెండేండ్లు దాటిన పిదప 1947 డిసెంబరులో అమెరికాలో ట్రాన్సిస్టరు పుట్టెను. వాల్వు రాజ్యము క్రమముగా అస్తమించెను. అయినను మన దేశమున బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ ప్రారంభించెను. ఆ సంస్థ ముద్రగల వాల్వులను నేడు సేకరణకర్తలు ప్రీతితో వెదకి దాచుకొనుచున్నారు. క్రొత్తవి అరుదైనకొలది, ఉన్నవానిని పరీక్షించి కాపాడుకొనుట ముఖ్యమయ్యెను.

పరీక్షకును ఒక క్రమము కలదు. మొదట కంటితో చూడవలెను. వాల్వు గాజులో వెండిపూత వంటి మచ్చ యొకటి ఉండును. లోపల మిగిలిన గాలిని పీల్చుటకై అది అమర్చబడినది. అది పాలవలె తెల్లబారినచో లోనికి గాలి ప్రవేశించినదని అర్థము. అట్టి వాల్వును టెస్టరులో పెట్ట పనిలేదు. తరువాత వేడితీగ తెగినదా, లోపలి భాగములు ఒకదానికొకటి తాకుచున్నవా యని చూడవలెను. తాకుచున్న వాల్వును నేరుగా పరీక్షించినచో టెస్టరే చెడును. ఆ పిమ్మట వాల్వు గ్రంథములో చెప్పిన వోల్టేజినే ఇచ్చి, అది చక్కగా వేడెక్కువరకు ఓపికపట్టి, ముల్లును చదువవలెను. సుకుమారమైన వాల్వులపై ఎమిషన్ మీటను ఎక్కువసేపు నొక్కి యుంచరాదు. చివరి తీర్పు మాత్రము రేడియోదే. టెస్టరులో నెగ్గిన వాల్వు రేడియోలోను పలికినపుడే పరీక్ష ముగియును. ఆ రేడియో పెట్టెలో రెండువందల వోల్టులకు మించిన విద్యుత్తుండును గనుక, పని తెలిసినవారి తోడులేక అందులో చేయి పెట్టరాదు.

పాత వస్తువును చూచి చెడినదని పారవేయుట సులభము. బాగున్నదని మోసగించి అమ్ముటయు సులభము. కొలిచి చెప్పుటకు మాత్రము ఓర్పు కావలెను. ఫ్లెమింగు ఓర్పుతో కొలిచెను. కొలిచినదానిని వ్రాసి, ఆ దీపములను భద్రపరచెను. ఏండ్ల తరబడి ఎవరికిని అక్కరలేక బీరువాలో నిలిచిన ఆ గాజుబుడ్లే ప్రపంచమునకు రేడియో వాల్వును ఇచ్చెను. ఇరువదియైదు సంవత్సరములుగా గ్రంథాలయపు బీరువాలలో నిలిచిన పుస్తకములకును అట్టి భాగ్యమే కలదు. నేడెవ్వరును తెరువని పుట, ఏనాడో ఒకనాడు ఒక పిల్లవాని ప్రశ్నకు సమాధానమగును. అంతవరకు దానిని చెడకుండ కాపాడుటయే మన కర్తవ్యము.